సాల్మన్‌ఫ్లై ఒడ్డూ పొడుగూ, వంశం వరసా: తరచుగా అడిగే ప్రశ్నలు

ఏటా మే నెల సగం దాటిందంటే నా ఫోన్‌కి ఒకే రకం ఫోటోలు వస్తుంటాయి. పోర్ట్‌లాండ్, సియాటిల్, బోయిసీ చుట్టుపక్కల ఉండే మనవాళ్ళు పిల్లల్ని తీసుకుని నది ఒడ్డుకి వెళ్తారు. చొక్కా కాలర్ మీద చూపుడువేలంత పురుగు వాలుతుంది. కెవ్వుమని కేక, ఆ వెంటనే ఫోటో, కింద "ఇదేంటండీ, కుడుతుందా?" అని మెసేజి. కుట్టదు, కరవదు. దానికి ఆ ఉద్దేశమూ లేదు, పనిముట్టూ లేదు. మిగతా ప్రశ్నలకి జవాబులు కింద రాస్తున్నాను. నేను పురుగుల శాస్త్రవేత్తని కాను. డెషూట్స్ నది ఒడ్డున కొన్నేళ్ళుగా రాళ్ళు తిరగేస్తున్న మనిషిని, అంతే.

ఇంతకీ దీని పేరేంటి?

శాస్త్రీయనామం టెరోనార్సిస్ కాలిఫోర్నికా. ఇంగ్లీషు స్పెల్లింగులో మొదట "పి" ఉంటుంది కానీ పలకరు. వాడుకలో జెయింట్ సాల్మన్‌ఫ్లై అనీ, ఉత్త సాల్మన్‌ఫ్లై అనీ అంటారు. స్టోన్‌ఫ్లైలనే పెద్ద గుంపులో ఇదొక జాతి. పేరులో కాలిఫోర్నియా ఉంది కదా అని అక్కడే ఉంటుందనుకోకండి. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా నుంచి వాషింగ్టన్, ఒరెగాన్, ఐడహో, మోంటానా, వ్యోమింగ్, యూటా, కొలరాడో మీదుగా న్యూమెక్సికో దాకా, ఉత్తర అమెరికా పడమటి కొండల్లో చల్లగా, వడిగా, రాళ్ళ మీంచి పారే నదుల్లో ఉంటుంది. ఒరెగాన్‌లో డెషూట్స్, మోంటానాలో మాడిసన్, బిగ్ హోల్, ఐడహోలో హెన్రీస్ ఫోర్క్, కొలరాడోలో గన్నిసన్ దీనికి పేరుపడ్డ నదులు. ఎల్లోస్టోన్ చూడ్డానికి వెళ్ళే తెలుగు కుటుంబాలు చాలామంది తెలియకుండానే దీని ఇంటిముందు నుంచి కారు నడుపుకుంటూ పోతారు.

తెలుగులో దీనికంటూ స్థిరపడ్డ పేరు లేదు. కొందరు "రాతి ఈగ" అంటున్నారు. నాకు అభ్యంతరం లేదు, కింది ప్రశ్న వచ్చేదాకా.

పేరులో "ఫ్లై" ఉంది. మరి ఇది ఈగేనా?

కాదు. అయితే ఇంగ్లీషువాళ్ళని ఆక్షేపించే ముందు మన పేర్లు మనం చూసుకోవాలి. తేనెటీగ ఈగ కాదు, కందిరీగ ఈగ కాదు, తూనీగ అసలే కాదు. ఎగిరేదానికల్లా "ఈగ" తగిలించడం మనకీ అలవాటే.

అసలైన ఈగలకి, అంటే ఇంట్లో ముసిరే ఈగ, దోమ లాంటివాటికి, రెండే రెక్కలు. స్టోన్‌ఫ్లైకి నాలుగు. ఈగ పిల్ల ముందు పురుగై, తర్వాత ప్యూపా అనే మధ్యదశకి చేరి, చివరికి ఈగ అవుతుంది. స్టోన్‌ఫ్లైకి ప్యూపా దశే లేదు. నీళ్ళలో పెరిగిన పిల్ల ఒడ్డెక్కి చర్మం చీల్చుకుని నేరుగా రెక్కలతో బయటికొస్తుంది.

మా అమ్మకి మొదటిసారి ఫోటో పంపితే "ఇంత పెద్ద బొద్దింక నీళ్ళలో ఏం చేస్తోందిరా?" అంది. నవ్వాను కానీ ఆవిడ చెప్పింది శాస్త్రానికి చాలా దగ్గర. నేటి వర్గీకరణలో స్టోన్‌ఫ్లైలు పాలీనియోప్టెరా అనే పెద్ద కూటమిలో ఉన్నాయి. బొద్దింకలు, చెదపురుగులు, మిడతలు, కీచురాళ్ళు ఉన్నది కూడా అందులోనే. అంటే ఈగతో పోలిస్తే ఇది బొద్దింకకే దగ్గరి చుట్టం.

రెక్కలొచ్చిన పురుగు చూడ్డానికి ఎలా ఉంటుంది?

ఒళ్ళు పొడుగ్గా, కాస్త చదునుగా, ముదురు గోధుమ నుంచి నల్లటి బూడిద రంగులో ఉంటుంది. ఆడది రెక్కలతో కలిపి 5 సెంటీమీటర్లు దాటుతుంది, మగది కొంచెం పొట్టి. తల మీద దారాల్లాంటి పొడవాటి మీసాలు రెండు. తలకి రెండు వైపులా పెద్ద సంయుక్త నేత్రాలు, నడినెత్తిన చుక్కల్లా మూడు సరళ నేత్రాలు. ఉదరానికి పది ఖండాలు, చివర రెండు తోకపోగులు. పాదంలో మూడు ముక్కలు, కొసన రెండు గోళ్ళు. ఈ మూడు ముక్కల పాదం స్టోన్‌ఫ్లైలన్నిటి గుర్తు.

పైనుంచి చూస్తే అంత ఆకట్టుకునే పురుగేం కాదు. ఎండుపుల్ల రంగు. కిందికి తిప్పితే తెలుస్తుంది అందం: తల వెనక, మెడ దగ్గర, రొమ్ము కింద, ఉదరం మడతల్లో నారింజకీ ఎరుపుకీ మధ్య రంగు. సాల్మన్ చేప కోసినప్పుడు కనిపించే కండ రంగు. పేరు అలా వచ్చింది.

ఇకమీద ఈ జవాబుల్లో "తిప్పి చూడండి" అనే మాట చాలాసార్లు వస్తుంది. ఈ పురుగు గురించి తెలుసుకోవలసినదంతా దాని పొట్ట కిందే ఉంది. నాకు వచ్చే ఫోటోల్లో మాత్రం పదింటికి తొమ్మిది వీపు ఫోటోలే.

రెక్కలు వీపుకి అంటుకుపోయినట్టు ఎందుకుంటాయి?

స్టోన్‌ఫ్లైలున్న క్రమం పేరు ప్లీకాప్టెరా. గ్రీకులో "మడతపడ్డ రెక్కలు", "అల్లుకున్న రెక్కలు" అనే అర్థంలో పెట్టారు. వెనక రెక్క ముందు రెక్క కంటే వెడల్పు. దాని లోపలి వైపు ఒక పెద్ద భాగం విసనకర్రలా మడిచిపోతుంది, దాని మీద ముందు రెక్క పరుచుకుంటుంది. నాలుగూ ఒకదాని మీద ఒకటి చేరి వీపు మీద చాపలా పడుకుంటాయి. తూనీగకి ఈ పని చేతకాదు.

టెరోనార్సిస్ రెక్కని ఎండకి ఎదురుగా పట్టుకుంటే ఇంకో విషయం కనిపిస్తుంది. నిలువు ఈనెల మధ్య అడ్డు ఈనెలు లెక్కలేనన్ని ఉంటాయి, చేపల వలలాగా. చాలా స్టోన్‌ఫ్లై కుటుంబాల్లో అడ్డు ఈనెలు ఇంత దట్టంగా ఉండవు. రెక్క చూసి కుటుంబం చెప్పేయగల సందర్భాల్లో ఇదొకటి.

ఇంత రెక్కలుండీ ఎగరడం మాత్రం అంతంతమాత్రమే. బరువుగా, ఒళ్ళు నిట్టనిలువుగా పెట్టుకుని తడబడుతూ పోతుంది. గట్టిగా గాలి వీచిందంటే నదిలో పడుతుంది. ట్రౌట్ చేపలు కాచుక్కూర్చునేది అందుకే.

నీళ్ళలో ఉండే పిల్లని ఎలా గుర్తుపట్టాలి?

పాఠ్యపుస్తకాల మాటలో దీన్ని శాబకం అంటారు. బాగా ఎదిగిన శాబకం 4 నుంచి 5 సెంటీమీటర్లు ఉంటుంది. రంగు ముదురు గోధుమ, దాదాపు నలుపు. ఒంటి మీద గీతలూ ముగ్గులూ ఉండవు. మొదటి వక్షఖండం పైనున్న పలక మూలలు కొంచెం మొనదేలి ఉంటాయి. ఎదిగేకొద్దీ వీపు మీద రెక్కల తొడుగులు రెండు జతలు కనిపిస్తాయి. తోకపోగులు రెండే.

మోకాళ్ళ లోతు నీళ్ళలో, వడి ఎక్కువున్నచోట, గుమ్మడికాయంత రాయి నెమ్మదిగా ఎత్తి తిప్పండి. రాళ్ళ సందుల్లో చిక్కుకున్న కుళ్ళిన ఆకుల్లో కూడా ఉంటాయి. దొరికిన శాబకం మొదట చేసే పని ముడుచుకుపోవడం: చచ్చినట్టు నటిస్తూ ఒళ్ళు వంచేసి ఉండిపోతుంది. కంగారుపడకండి, కాసేపట్లో కాళ్ళు చాపుతుంది. దీని తూర్పు అమెరికా బంధువు టెరోనార్సిస్ ప్రోటియస్ ఇంకో అడుగు ముందుకేసి, ఎవరైనా పట్టుకుంటే కీళ్ళ దగ్గర నుంచి తన రక్తాన్నే చిమ్ముతుంది.

మొప్పలు ఎక్కడుంటాయి? అంత ముఖ్యమా?

చాలా ముఖ్యం. జాతిదాకా కాకపోయినా ప్రజాతిదాకా, అంటే దగ్గరి జాతుల గుంపుదాకా, మిమ్మల్ని చేర్చేది ఇవే.

తెల్లటి ప్లాస్టిక్ పళ్ళెంలో నది నీళ్ళే పోసి శాబకాన్ని అందులో వదలండి. చెంచా వెనకవైపుతో మెల్లగా వెల్లకిలా తిప్పండి. కాళ్ళ మొదళ్ళ దగ్గర, రొమ్ము కింద, తెల్లటి పీచు కుచ్చులు కనిపిస్తాయి. మొక్కజొన్న పొత్తు కొసన ఉండే పీచుని చిన్న చిన్న కట్టలు కట్టి అతికించినట్టు ఉంటాయి. అవే మొప్పలు. ఇప్పుడు కాళ్ళు అయిపోయాక ఉదరం మొదలయ్యే చోటుకి రండి. మొదటి రెండు ఉదర ఖండాల కింద కూడా ఆ కుచ్చులు ఉంటే అది టెరోనార్సిస్. మూడో ఖండం మీద కూడా ఉంటే అది దాని చిన్న చెల్లెలు టెరోనార్సెల్లా. ఉదరం మొదట్లో అసలు లేకపోతే ఆ కుటుంబమే కాదు.

పళ్ళెంలో నీళ్ళు నిలవుండి వేడెక్కుతుంటే శాబకం ఇంకో పని మొదలుపెడుతుంది. కాళ్ళు కదలకుండా పెట్టి ఒళ్ళు పైకీ కిందకీ ఊపుతుంది, బడిలో గుంజీలు తీయించినట్టు. మా అబ్బాయి మొదట అది డాన్సు చేస్తోందనుకున్నాడు. నిజానికి అది ఊపిరాడక పడే అవస్థ. నదిలోనైతే ప్రవాహమే మొప్పల మీంచి కొత్త నీటిని తోస్తుంది. నిలవనీటిలో ఆ పని తనే చేసుకోవాలి. గుంజీలు కనిపించాయంటే పురుగుని వెంటనే నదిలోకి వదిలేయండి.

ఇందులో ఉన్న లెక్క సులువే. నీరు చల్లగా ఉంటే ఎక్కువ ఆక్సిజన్ ఇముడుతుంది. సముద్రమట్టం దగ్గర 0 డిగ్రీల సెల్సియస్ మంచినీటిలో లీటరుకి సుమారు 14.6 మిల్లీగ్రాములు, 20 డిగ్రీల దగ్గర 9.1, 30 డిగ్రీల దగ్గర 7.6 దాకా కరుగుతుంది. ఇంత పెద్ద ఒళ్ళు పెట్టుకుని మొప్పలతో బతికే పురుగుకి ఆ తేడా చిన్నది కాదు.

ఇంకో వింత ఉంది. రెక్కలొచ్చి గాలి పీల్చుకునే దశకి చేరాక కూడా టెరోనార్సిస్ పొట్ట కింద ఆ మొప్పల ఆనవాళ్ళు మిగిలే ఉంటాయి. 1844లోనే జార్జ్ న్యూపోర్ట్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త దీని గురించి రాశాడు. ఎగిరే పురుగుకి మొప్పలుండటం అప్పట్లో నమ్మశక్యంకాని సంగతి.

గోల్డెన్ స్టోన్ అనే ఇంకో పెద్ద స్టోన్‌ఫ్లై ఉందంటారు. తేడా ఎలా?

అందరూ తికమకపడేది ఇక్కడే, ఎందుకంటే డెషూట్స్ లాంటి నదుల్లో రెండూ ఒకే ఋతువులో, ఒకే గడ్డిపోచ మీద కనిపిస్తాయి. గోల్డెన్ స్టోన్ అనే పేరుతో పిలిచేవాటిలో ముఖ్యమైనవి హెస్పెరోపెర్లా పసిఫికా, కాలిన్యూరియా కాలిఫోర్నికా. రెండూ పెర్లిడే కుటుంబానివి.

పసుపుగా ఉంటే గోల్డెన్, నల్లగా ఉంటే సాల్మన్ అనే సూత్రం పడవ నడిపేవాళ్ళు చెప్తారు. చాలావరకు పనిచేస్తుంది కానీ నేను నమ్మను. అప్పుడే చర్మం విడిచిన ఏ శాబకమైనా పాలిపోయి లేతరంగులో ఉంటుంది, అప్పుడు ఈ సూత్రం నిలువునా ముంచుతుంది. పరిమాణమూ అంతే. రెండేళ్ళ సాల్మన్‌ఫ్లై పిల్ల, ఎదిగిన గోల్డెన్ పిల్ల ఒకే సైజులో ఉండొచ్చు.

తిప్పి చూడండి. పెర్లిడేకి రొమ్ము కింద మొప్పల కుచ్చులు ఉంటాయి కానీ ఉదరం మొదటి ఖండాల కింద ఉండవు. భూతద్దం ఉంటే నోరు కూడా చూడొచ్చు. కింది పెదవి కొసన నాలుగు చిన్న తమ్మెలు ఉంటాయి. లోపలి జతని గ్లోసాలు, బయటి జతని పారాగ్లోసాలు అంటారు. సాల్మన్‌ఫ్లైకి నాలుగూ ఇంచుమించు సమానం. పెర్లిడేకి బయటివి పొడుగ్గా ముందుకొచ్చి, లోపలివి కురచగా అణిగి ఉంటాయి. సాల్మన్‌ఫ్లై ఆకులు నమిలేది, గోల్డెన్ స్టోన్ వేటాడేది. తిండి తేడా పెదవి మీదే రాసి ఉంది.

మేఫ్లై పిల్లలతో తికమక పడకుండా?

మేఫ్లై కూడా నీళ్ళలో పెరిగే పురుగే, కానీ వేరే క్రమానిది. దాని శాబకానికి మామూలుగా మూడు తోకలు, ఉదరం పక్కల ఆకుల్లాంటి మొప్పలు, కాలికి ఒకే గోరు. స్టోన్‌ఫ్లైకి రెండు తోకలు, కాలికి రెండు గోళ్ళు. కొన్ని మేఫ్లైలకీ రెండే తోకలుంటాయి, కాబట్టి తోకలు లెక్కపెట్టి ఆగిపోకుండా గోళ్ళు కూడా చూడాలి.

వర్గీకరణలో పూర్తి వరస చెప్పండి.

పైనుంచి కిందికి: జంతు రాజ్యం, ఆర్థ్రోపొడా వర్గం, కీటకాల తరగతి, ప్లీకాప్టెరా క్రమం, ఆర్క్టోపెర్లేరియా ఉపక్రమం, అందులో సిస్టెల్లోగ్నాథా శాఖ, టెరోనార్సియోయిడియా అధికుటుంబం, టెరోనార్సిడే కుటుంబం, టెరోనార్సిస్ ప్రజాతి, కాలిఫోర్నికా జాతి.

ఈ జాబితాని బట్టీ పట్టించడం నాకిష్టం లేదు. రెండు మలుపుల దగ్గర మాత్రం ఆగాలి.

మొదటిది ఉపక్రమం. ప్లీకాప్టెరాలో ఉపక్రమాలు రెండు. అంటార్క్టోపెర్లేరియా భూమి దక్షిణార్ధంలోనే, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణ అమెరికా వైపు ఉంటుంది. అందులో నాలుగు కుటుంబాలు. ఆర్క్టోపెర్లేరియా ఎక్కువగా ఉత్తరార్ధానిది. పొట్టతో దరువేసి జతని పిలిచే అలవాటు ఆర్క్టోపెర్లేరియాలోనే కనిపిస్తుంది.

రెండోది అధికుటుంబం. సిస్టెల్లోగ్నాథాలో రెండు పాయలు. పెర్లోయిడియాలో వేటగాళ్ళు ఎక్కువ: పెర్లిడే, పెర్లోడిడే, క్లోరోపెర్లిడే. టెరోనార్సియోయిడియాలో టెరోనార్సిడేతో పాటు పెల్టోపెర్లిడే, స్టైలోపెర్లిడే ఉన్నాయి. పెల్టోపెర్లిడే పిల్లలైతే అచ్చం బొద్దింకల్లాగే ఉంటాయి, మా అమ్మ చూస్తే ఇంకేమంటుందో. పైన చెప్పిన పెదవి తేడా ఈ రెండు పాయల మధ్య తేడాయే.

పేరు పక్కన "న్యూపోర్ట్, 1848" అని ఎందుకు రాస్తారు?

ఆ జాతిని మొదటిసారి వర్ణించి పేరు పెట్టినవాడు, పెట్టిన సంవత్సరం. మొప్పల సంగతి రాసిన జార్జ్ న్యూపోర్టే ఇతను.

ఇక్కడ కుండలీకరణాలకి కూడా అర్థం ఉంది. టెరోనార్సిస్ కాలిఫోర్నికా పక్కన న్యూపోర్ట్ పేరు కుండలీకరణాలు లేకుండా ఉంటుంది, ఎందుకంటే న్యూపోర్ట్ దాన్ని పెట్టిన ప్రజాతిలోనే ఇప్పటికీ ఉంది. దాని బంధువు టెరోనార్సిస్ డోర్సాటా పక్కన మాత్రం (సే, 1823) అని కుండలీకరణాల్లో రాస్తారు. థామస్ సే దాన్ని మొదట సయాలిస్ అనే వేరే ప్రజాతిలో పెట్టాడు. సయాలిస్ అంటే ఆల్డర్‌ఫ్లై, స్టోన్‌ఫ్లైతో దగ్గరి చుట్టరికమే లేని పురుగు. 1838లో ఎడ్వర్డ్ న్యూమన్ టెరోనార్సిస్ ప్రజాతిని ఏర్పరిచాక అది ఇటు చేరింది. ఇంటిపేరు మారిన పిల్లకి కుండలీకరణం అన్నమాట.

ప్లీకాప్టెరా అనే క్రమం మొదటినుంచీ ఉందా?

లేదు. 1758లో, జీవులకి శాస్త్రీయనామాలు పెట్టే పద్ధతికి ఆద్యుడైన లిన్నేయస్ ఒక స్టోన్‌ఫ్లైకి పేరు పెట్టినప్పుడు దాన్ని కాడిస్ ఈగలనే వేరే నీటి పురుగులతో కలిపి ఫ్రిగానియా ప్రజాతిలో వేశాడు. దాని జాతి పేరు "బైకాడాటా", అంటే రెండు తోకలది. గుర్తు సరిగ్గానే పట్టాడు, చేర్చిన ఇల్లే తప్పు. చాలాకాలం వీటిని న్యూరోప్టెరా అనే గంపలో పడేశారు. 1839లో హెర్మన్ బర్మైస్టర్ ప్లీకాప్టెరా అనే పేరు పెట్టాడు. ఇప్పుడు ఈ క్రమంలో ప్రపంచవ్యాప్తంగా మూడున్నర వేల పైచిలుకు జాతులు, 16 లేక 17 కుటుంబాలు లెక్కకొస్తున్నాయి. ఆ ఒక్క కుటుంబం తేడా ఎవరి పట్టిక చూస్తున్నారన్నదాన్ని బట్టి.

టెరోనార్సిస్‌కి దగ్గరి చుట్టాలెవరు?

టెరోనార్సిడే చిన్న కుటుంబం, ప్రజాతులు రెండే. టెరోనార్సెల్లాలో రెండు జాతులు, బాడియా, రెగ్యులారిస్. రెండూ పడమటి అమెరికావే, ఒంటి పొడుగులో సాల్మన్‌ఫ్లైకి సగం కూడా ఉండవు. టెరోనార్సిస్‌లో సుమారు పది జాతులు. ఎక్కువ ఉత్తర అమెరికాలో, కొన్ని తూర్పు ఆసియాలో.

తూర్పు అమెరికాలో ఉండే ప్రోటియస్, బైలోబా, స్కాటీ, కామ్‌స్టాకీ జాతుల శాబకాలకి ఉదరం అంచుల్లో రంపపు పళ్ళలా మొనలు పొడుచుకొచ్చి ఉంటాయి. ఒకప్పుడు వాటిని అల్లోనార్సిస్ అనే వేరే ప్రజాతిగా చూశారు, ఇప్పుడు టెరోనార్సిస్‌లోనే కలిపేశారు. కాలిఫోర్నికా శాబకం ఉదరం అంచు నున్నగా ఉంటుంది.

ఆడా మగా తేడా?

మళ్ళీ తిప్పి చూడాల్సిందే. ఆడదానికి ఉదరం ఎనిమిదో ఖండం కింది పలక వెనక్కి సాగి జననరంధ్రం మీద మూతలా ఉంటుంది. మగదాని చివరి ఖండాలు పైవైపు మార్పులతో, చిన్న కొక్కేల లాంటి భాగాలతో ఉంటాయి. జాతిని నూటికి నూరుపాళ్ళు తేల్చాలంటే నిపుణులు చూసేది ఈ మగ అవయవాల ఆకారమే. ఒడ్డు మీద మామూలు మనిషికి మాత్రం ఒక సులువైన గుర్తు: తోక కింద నల్లటి ముద్ద పట్టుకుని తిరుగుతుంటే అది ఆడది, ఆ ముద్ద వందలకొద్దీ గుడ్లు. నది మీద ఎగురుతూ ఆ ముద్దని నీళ్ళలో జారవిడుస్తుంది.

"దరువు" అన్నారు. వినిపిస్తుందా?

మగది పొట్ట చివరతో కొమ్మ మీద తడుతుంది. ఆ అదురు గాలిలో కాదు, కొమ్మ గుండా పోతుంది. అదే కొమ్మ మీద ఎక్కడో ఉన్న ఆడది కాళ్ళతో పసిగట్టి తిరిగి తడుతుంది. ఆ జవాబు పట్టుకుని మగది వెతుక్కుంటూ వెళ్తుంది. ఒక్కో జాతిది ఒక్కో దరువు, కాబట్టి ఇదీ ఒక గుర్తింపు లక్షణమే. నేను ఒకసారి కాగితం సంచిలో రెండిటిని పెట్టి చెవి ఆనించాను. గోటితో గీకినట్టు చిన్న చప్పుడు వచ్చింది. దరువో, కాగితం మీద నడకో ఒట్టేసి చెప్పలేను.

ఎన్నాళ్ళు బతుకుతుంది?

నీళ్ళలో సాధారణంగా 3 నుంచి 4 ఏళ్ళు, రెక్కలతో కొద్ది వారాలు. నీళ్ళలో ఉండగా పదిసార్లకు పైగా చర్మం విడుస్తుంది. ఇన్నేళ్ళు పడుతుంది కాబట్టి ఒకే రాయి కింద వేరు వేరు వయసుల పిల్లలు కలిసి కనిపిస్తాయి: గోరంతవి, సగం వేలంతవి, వేలంతవి. అన్నదమ్ముల్ని వరసలో నిలబెట్టినట్టు.

నీరు సుమారు 10 నుంచి 13 డిగ్రీలకి చేరే రోజుల్లో ఎదిగినవి ఒడ్డువైపు నడుస్తాయి. డెషూట్స్ కింది భాగంలో, మౌపిన్ ఊరి దగ్గర, ఇది మే రెండో సగం. నది పైకి వెళ్ళేకొద్దీ నీరు చల్లన కాబట్టి ఆలస్యమవుతుంది. అలా పురుగుల పండగ రోజురోజుకీ ఎదురు ప్రవాహంలో పైకి జరుగుతుంది. ఒక్కోచోట వారం, మహా అయితే ఇంకొన్ని రోజులు.

చాలావరకు రాత్రిపూటే ఎక్కుతాయి. పొద్దున్నే వెళ్తే రాళ్ళ మీద, వంతెన స్తంభాల మీద, ఆల్డర్ చెట్ల మొదళ్ళ మీద కుబుసాలు వేలాడుతుంటాయి. ఒకటి తీసి చూడండి. వీపు నిలువునా చీలి ఉంటుంది, కాళ్ళు, మీసాలు, గోళ్ళు అన్నీ అచ్చుగుద్దినట్టు అలాగే. చీలిక లోపల తెల్లటి నూలుపోగులు వేలాడుతాయి. ఏ సాలెగూడో అనుకుంటారు. అవి పురుగు ఊపిరిగొట్టాల లోపలి పొర. చర్మంతో పాటు ఊపిరిగొట్టాల అస్తరు కూడా విడిచి పోతుంది. మొప్పల కుచ్చులున్న చోట్లు కూడా కుబుసం మీద తెలుస్తాయి. కాబట్టి పురుగు దొరకకపోయినా ప్రజాతి తేల్చొచ్చు.

ఏం తింటుంది?

శాబకం నీళ్ళలో రాలిన ఆకులు తింటుంది: ఆల్డర్, విల్లో, కాటన్‌వుడ్. పచ్చి ఆకు కాదు. కొన్ని వారాలు నాని, బూజూ బాక్టీరియా పట్టి మెత్తబడాలి. నానని పప్పు రుబ్బలేం కదా, అలాగ. ఇది నమిలి విడిచిన ముక్కలూ రెట్టలూ కింది ప్రవాహంలో చిన్న పురుగులకి తిండి. రెక్కలొచ్చాక పెద్దగా తినదు.

ఇంత పెద్ద పురుగుకి రక్తం ఎలా ఉంటుంది? ఆక్సిజన్ మోస్తుందా?

మామూలుగా కీటకాల రక్తానికి ఆక్సిజన్ మోసే పని ఉండదు, ఊపిరిగొట్టాలే ఆ పని చూసుకుంటాయి. అయితే 2004లో పెర్లా మార్జినాటా అనే యూరప్ స్టోన్‌ఫ్లై రక్తంలో హీమోసయనిన్ పనిచేస్తున్నట్టు తేలింది. ఇది రాగి ఆధారంగా ఆక్సిజన్ మోసే ప్రోటీన్, పీతలూ రొయ్యల్లో ఉండేది. కీటకాల్లో అది పోయిందని అప్పటిదాకా అనుకునేవారు.

మన తెలుగు రాష్ట్రాల్లో ఉందా?

సాల్మన్‌ఫ్లై లేదు, టెరోనార్సిడే కుటుంబం భారతదేశంలోనే లేదు. కానీ స్టోన్‌ఫ్లైలు మన దేశంలో ఉన్నాయి. హిమాలయ నదుల్లో చాలా కుటుంబాలు, దక్షిణాదిన ముఖ్యంగా పెర్లిడే. పశ్చిమ కనుమల వాగుల్లో నియోపెర్లా ప్రజాతి ఉంటుంది. సాల్మన్‌ఫ్లైతో పోలిస్తే చిన్నవి, లేతరంగువి, వేటాడేవి. ఎండాకాలం మన మైదానాల్లో నీరు 30 డిగ్రీలు అవలీలగా దాటుతుంది. పైన చెప్పిన ఆక్సిజన్ లెక్క గుర్తుంటే, వీటిని చెరువుల్లో కాకుండా నీడపట్టున పారే కొండవాగుల్లో ఎందుకు వెతకాలో వేరే చెప్పక్కర్లేదు.

సాల్మన్‌ఫ్లైలు తగ్గిపోతున్నాయా?

కొన్నిచోట్ల పూర్తిగా పోయాయి. యూటాలో లోగన్, ప్రోవో నదుల్లో ఒకప్పుడు విరివిగా ఉండేవి, ఇప్పుడు లేవు. ఆనకట్టల కింద వరద తగ్గి రాళ్ళ సందుల్లో సన్నటి మట్టి పేరుకోవడం, నీరు వేడెక్కడం, కలుషితం కావడం దీనికి గిట్టనివి. మూడు నాలుగేళ్ళు నీళ్ళలోనే ఉండాలి కాబట్టి ఒక్క చెడ్డ వేసవి ఒక్క ఏడాది పిల్లల్ని కాదు, వరసలో నిలబడ్డ అన్నదమ్ములందరినీ దెబ్బతీస్తుంది. మళ్ళీ రావాలన్నా సులువు కాదు, అంత దూరం ఎగిరే శక్తి లేదు కదా.

నీటి నాణ్యత లెక్కగట్టేవాళ్ళకి అందుకే ఇది ఇష్టమైన పురుగు. హిల్సెన్‌హాఫ్ సూచికలో కాలుష్యాన్ని తట్టుకునే శక్తికి 0 నుంచి 10 దాకా మార్కులేస్తారు, 10 అంటే మురుగులోనూ బతికేది. టెరోనార్సిడేకి వేసింది 0. పరీక్షలో సున్నా వచ్చి గౌరవం పొందిన కుటుంబం ఇదొక్కటేనేమో అని నవ్వుకుంటాను కానీ, సున్నా తెచ్చుకున్నవి స్టోన్‌ఫ్లైల్లో మరికొన్ని ఉన్నాయి.

చట్టం మాటకొస్తే, 2019లో అమెరికా ప్రభుత్వం రెండు స్టోన్‌ఫ్లైలని ముప్పున్న జాతుల జాబితాలో చేర్చింది: లెడ్నియా ట్యుమానా, జపాడా గ్లేసియర్. హిమానీనదాలు కరిగి పారే నీటిలో బతికే చిన్న జాతులవి. సాల్మన్‌ఫ్లై ఆ జాబితాలో లేదు.

ఒకటి పట్టి దాచుకోవచ్చా? పిల్లాడి సైన్సు ప్రాజెక్టుకి.

ఎల్లోస్టోన్ లాంటి నేషనల్ పార్కుల్లో పర్మిట్ లేకుండా పురుగుని కూడా తీయకూడదు. మిగతాచోట్ల ఆ రాష్ట్ర నియమాలు చూసుకోండి. నన్నడిగితే పురుగుని వదిలేసి కుబుసం తెచ్చుకోమంటాను. ఇక దాచాలనే ఉంటే 70–80 శాతం ఇథనాల్‌లో వేసి, నది పేరు, చోటు, తేదీ పెన్సిల్‌తో కాగితం ముక్క మీద రాసి సీసా లోపలే పెట్టాలి. పెన్ను సిరా ఆల్కహాల్‌లో కరిగిపోతుంది. నా మొదటి సీసాలో ఇప్పుడు లేతనీలం ద్రవం, ఖాళీ కాగితం, ఎక్కడిదో చెప్పలేని సాల్మన్‌ఫ్లై ఉన్నాయి. ఆ నారింజ రంగూ నెలల్లోనే వెలిసిపోయింది. కాబట్టి రంగు ఫోటో ముందే తీసిపెట్టుకోండి. దయచేసి, పొట్ట వైపు.